పీడనం చెప్పేది, చెప్పనిది: తాపన, శీతలీకరణ వ్యవస్థల్లో పీడన సెన్సర్ల పనితీరు - హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నేపథ్యం

వ్యాససంగ్రహం:

కారు ఏసీలోనూ, బాయిలర్‌లోనూ, వంటింటి ప్రెషర్ కుక్కర్‌లోనూ ద్రవమూ దాని ఆవిరీ ఒకే మూసిన చోట కలిసి ఉంటాయి. అటువంటి స్థితిలో పీడనం ఆ పదార్థపు ఉష్ణోగ్రతను తెలుపుతుంది. ఆ పదార్థం ఎంత మిగిలి ఉందో తెలుపదు. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్ల ఒకచోట ధననష్టం, మరొకచోట ప్రాణాపాయం కలుగుతున్నాయి. పీడన సెన్సర్ లోపలి నిర్మాణాన్నీ, తాపన, శీతలీకరణ వ్యవస్థల్లో దాని పాత్రనూ శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ఉదాహరణలతో వివరించడం, తెలుగు వాడుకలోని కొన్ని పదాలు ఈ అవగాహనకు ఎలా తోడ్పడుతున్నాయో, ఎక్కడ అడ్డుపడుతున్నాయో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: పీడనం, ఒత్తిడి, సెన్సర్, వికృతి, సంతృప్త బాష్పం, బాయిలర్, శీతలీకరణం, శాస్త్రపరిభాష.

1. ప్రవేశిక:

పెనుకొండ పేరు చెప్పగానే విజయనగర రాజుల కోట గుర్తుకు వస్తుంది. నేటి యువతకు దానితోపాటు ఎర్రమంచి వద్ద వెలసిన కియా కార్ల కర్మాగారం కూడా గుర్తుకు వస్తుంది. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరిన ఈ కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో సెల్టాస్ కారు విపణిలోకి వచ్చింది. ఏటా 3 లక్షల వాహనాలను తయారుచేసే సామర్థ్యంతో దీన్ని నిర్మించారు. ఇటువంటి ఆధునిక కార్ల ఏసీ గొట్టాలలో బొటనవేలంత పీడన సెన్సర్ ఒకటి ఉంటుంది. ఇదే జిల్లాలో హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌కూ, ధర్మవరం పట్టుచీరలకూ ప్రసిద్ధి. గూడు నుంచి దారం తీయడం మొదలుకొని రంగు అద్దడం వరకు పట్టు పనిలో వేడినీరు, ఆవిరి తప్పనిసరి. ఆవిరిని బాయిలర్‌తో పుట్టించే ప్రతిచోటా పీడనమాపకం ఉంటుంది. చల్లదనానికి ఒకటి, వేడికి ఒకటి. రెండింటి వెనుకా ఉన్న సూత్రం మాత్రం ఒక్కటే.

ఇది తెలుగు అధ్యాపకులు పట్టించుకోవలసిన విషయమా అనే ప్రశ్న రావచ్చు. 2021-22 విద్యాసంవత్సరం నుంచి తెలుగుతో సహా భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతి ఇచ్చింది. పాఠ్యపుస్తకాల అనువాదంలో, పరిభాష నిర్ణయంలో తెలుగు శాఖల వారి సహకారం అవసరమవుతున్నది. పదాన్ని నిర్ణయించేవారికి ఆ పదం సూచించే వస్తువు ఎలా పనిచేస్తుందో తెలిసి ఉండాలి. ఆ దృష్టితోనే ఈ వివరణ.

2. పీడనం - పదం, భావన:

ఆంగ్లంలో 'ప్రెషర్' అనే ఒక్క మాటకు తెలుగులో సందర్భాన్ని బట్టి మూడు మాటలు నడుస్తున్నాయి. వైద్యంలో అది 'రక్తపోటు', మనసుకు సంబంధించి 'ఒత్తిడి', భౌతికశాస్త్రంలో 'పీడనం'. వాతావరణ వార్తల్లోని 'అల్పపీడనం' వల్ల మూడో మాట కూడా సామాన్యులకు చేరువైంది. మెకానిక్ మాత్రం 'ప్రెషర్' అనే అంటాడు.

శాస్త్రార్థంలో పీడనమంటే ఒక తలం మీద లంబంగా పనిచేసే బలాన్ని ఆ తలవైశాల్యంతో భాగించగా వచ్చేది. దాని ప్రమాణం పాస్కల్. లక్ష పాస్కళ్ళు ఒక బార్. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం సుమారు 1.013 బార్లు.

పీడనాన్ని రెండు విధాలుగా చెప్పవచ్చు. శూన్యం నుంచి లెక్కిస్తే అది పరమ పీడనం. చుట్టూ ఉన్న గాలి పీడనాన్ని సున్నాగా పెట్టుకొని లెక్కిస్తే అది గేజి పీడనం. ఈ భేదం మన ప్రాంతంలో కేవలం పుస్తకాల విషయం కాదు. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తులో, ధర్మవరం సుమారు 345 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ప్రామాణిక వాతావరణ సూత్రం ప్రకారం లెక్కిస్తే హిందూపురంలో గాలి పీడనం సుమారు 0.94 బార్లు, ధర్మవరంలో సుమారు 0.97 బార్లు ఉంటుంది. అందువల్లనే హిందూపురంలో మూత లేని పాత్రలో నీరు 100 డిగ్రీల వద్ద కాక సుమారు 98 డిగ్రీల వద్దనే మరుగుతుంది.

ఏసీ మరమ్మతులో దీనికి ప్రత్యక్ష ప్రయోజనం ఉంది. కొత్తగా శీతలీకరణ ద్రవ్యం నింపేముందు గొట్టాలలోని గాలినీ తేమనూ వాక్యూమ్ పంపుతో తోడివేస్తారు. గేజి ముఖం మీద శూన్యపు గీతలు 30 అంగుళాల పాదరసం వరకు గీసి ఉంటాయి. కాని హిందూపురంలో గాలి పీడనమే సుమారు 27.8 అంగుళాల పాదరసానికి సమానం. పంపు ఎంత మంచిదైనా అక్కడ ముల్లు అంతకు మించి దిగదు. ధర్మవరంలో ఆ హద్దు సుమారు 28.7. ఈ సంగతి తెలియనివారు మంచి పంపును చెడిపోయిందని అనుకొనే అవకాశం ఉంది.

3. ద్రవమూ ఆవిరీ కలిసి ఉన్నప్పుడు:

ఒక మూసిన పాత్రలో కొంత ద్రవం, దానిపైన అదే పదార్థపు ఆవిరి మాత్రమే ఉన్నాయనుకుందాం. ద్రవం నుంచి అణువులు ఆవిరిలోకి పోతుంటాయి. ఆవిరి నుంచి అణువులు ద్రవంలోకి తిరిగి వస్తుంటాయి. పోకా రాకా సమానమైన స్థితిలోని ఆవిరిని సంతృప్త బాష్పం అంటారు. దాని పీడనం ఉష్ణోగ్రత మీదనే ఆధారపడుతుంది. పాత్ర పెద్దదైనా చిన్నదైనా, ద్రవం సగం ఉన్నా గరిటెడు ఉన్నా, ఉష్ణోగ్రత మారనంతవరకు పీడనమూ మారదు.

మన దేశంలో కార్ల ఏసీలలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ అనే ద్రవ్యాన్నే తీసుకుందాం. 0 డిగ్రీల వద్ద దాని సంతృప్త పరమ పీడనం సుమారు 2.9 బార్లు. 25 డిగ్రీల వద్ద 6.7, 40 డిగ్రీల వద్ద 10.2, 55 డిగ్రీల వద్ద 14.9 బార్లు. నీటికైతే 120 డిగ్రీల వద్ద సుమారు 2 బార్లు. ప్రెషర్ కుక్కర్ విజిల్ బరువు లోపలి పీడనాన్ని బయటి గాలి కన్నా సుమారు ఒక బారు ఎక్కువగా నిలుపుతుంది కనుకనే కందిపప్పు 120 డిగ్రీలకు దగ్గరి వేడిలో త్వరగా ఉడుకుతుంది.

ఇందుకు భిన్నమైనది బండి టైరు. అందులో ద్రవం లేదు, గాలి మాత్రమే ఉంది. ఉష్ణోగ్రత మారనప్పుడు అందులోని గాలి ఎంత తగ్గితే పీడనం అంత తగ్గుతుంది. కనుక టైరులో పీడనం పరిమాణానికి సూచిక. వంటగ్యాస్ సిలిండర్ అలా కాదు. 14.2 కిలోల సిలిండర్‌లో ద్రవం దాదాపు అయిపోయేవరకు పీడనం పెద్దగా మారదు. అందుకే సిలిండర్‌ను తూకం వేసి ఇస్తారు, పీడనం చూసి ఇవ్వరు. ఏసీ, బాయిలర్ రెండూ సిలిండర్ కోవకు చెందినవి. టైరు తర్కాన్ని వాటికి వర్తింపజేయడమే అనేక పొరపాట్లకు మూలం.

4. సెన్సర్ లోపలి నిర్మాణం:

పీడనాన్ని నేరుగా చూడలేము. దానివల్ల ఏదో ఒక వస్తువు ఎంత వంగిందో చూడగలం. పీడనమాపకాలన్నీ ఏదో రూపంలో ఈ పనే చేస్తాయి.

4.1. బూర్డాన్ గొట్టం: ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ బూర్డాన్ 1849లో దీనికి పేటెంటు పొందాడు. కొడవలిలా వంచిన బల్లపరుపు లోహపు గొట్టంలోకి పీడనం ప్రవేశిస్తే ఆ వంపు కొద్దిగా విచ్చుకుంటుంది. ఆ కదలికను చిన్న పళ్ళచక్రాలు పెంచి ముల్లును తిప్పుతాయి. బాయిలర్ మీద నేటికీ కనిపించే గుండ్రని గేజి ఇదే. ఆవిరి వేడి నేరుగా ఈ గొట్టాన్ని తాకకుండా మధ్యలో చుట్టలా వంచిన సైఫన్ గొట్టం అమరుస్తారు. అందులో నిలిచే నీరు పీడనాన్ని అందిస్తుంది, వేడిని అడ్డుకుంటుంది.

4.2. నిరోధంపై ఆధారపడే సెన్సర్: లోహపు తీగను సాగదీస్తే దాని విద్యున్నిరోధం మారుతుందని 1856లో లార్డ్ కెల్విన్ గమనించాడు. సిలికాన్, జెర్మేనియంలలో ఈ మార్పు లోహాలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని 1954లో బెల్ ప్రయోగశాలలో చార్లెస్ స్మిత్ ప్రకటించాడు. సెన్సర్‌లో ఒక పలుచని పటలం ఉంటుంది. దానిపై నాలుగు నిరోధాలను వీట్‌స్టన్ వారధి పద్ధతిలో కలుపుతారు. పటలం వంగినప్పుడు రెండింటి నిరోధం పెరుగుతుంది, రెండింటిది తగ్గుతుంది. ఆ అసమతుల్యత వల్ల కొన్ని మిల్లీవోల్టుల సంకేతం పుడుతుంది. ఉష్ణోగ్రత ప్రభావం నాలుగింటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి చాలావరకు రద్దవుతుంది. మిగిలినదాన్ని సెన్సర్‌లోని ఎలక్ట్రానిక్ భాగం సరిచేస్తుంది.

4.3. కెపాసిటర్‌పై ఆధారపడే సెన్సర్: ఇందులో పింగాణీ వంటి సిరామిక్ పటలం ఉంటుంది. పటలం లోపలివైపునా, దాని ఎదుటి పలక మీదా లోహపు పూత వేస్తారు. పీడనంతో పటలం లోనికి వంగితే రెండు పూతల మధ్య ఎడం తగ్గి కెపాసిటెన్స్ పెరుగుతుంది. కార్ల ఏసీలలో ఈ రకం సెన్సర్లు విరివిగా వాడుకలో ఉన్నాయి.

ఇక్కడ ఒక పరిభాషావిశేషం గమనింపదగినది. తెలుగు భౌతికశాస్త్ర గ్రంథాల్లో 'స్ట్రెస్'ను ప్రతిబలం అనీ, 'స్ట్రెయిన్'ను వికృతి అనీ అంటారు. వ్యాకరణంలో ప్రకృతి నుంచి మారిన రూపం వికృతి. పటలం విషయంలోనూ అర్థం అదే: బలం పడితే అసలు రూపం నుంచి కలిగిన మార్పు. భాషలో వికృతి మళ్ళీ ప్రకృతి కాదు. సెన్సర్ పటలం మాత్రం పీడనం తొలగగానే తన ప్రకృతిని పొందితీరాలి. అలా పొందలేకపోతే సున్నా వద్ద కూడా అది ఏదో ఒక విలువ చూపుతుంది. అప్పుడు సెన్సర్ చెడినట్టే.

4.4. వోల్టుల్లోకి అనువాదం: కారు సెన్సర్‌కు సాధారణంగా 5 వోల్టులు అందుతాయి. అది 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య సంకేతాన్ని తిరిగి ఇస్తుంది. ఉదాహరణకు ఒక సెన్సర్ అవధి 0 నుంచి 35 బార్లు అనుకుందాం. గేజి పీడనం 14 బార్లు ఉంటే 35లో 14 వంతు, అంటే 0.4. దాన్ని 4 వోల్టులతో గుణించి 0.5 కలిపితే 2.1 వోల్టులు. సున్నా పీడనానికి సున్నా వోల్టులు కాక 0.5 వోల్టులు కేటాయించడంలో ఒక ఔచిత్యం ఉంది. తీగ తెగితే సంకేతం అవధి దాటిపోతుంది. పీడనం లేకపోవడం వేరు, సమాచారమే లేకపోవడం వేరని కంప్యూటర్ ఆ విధంగా గుర్తిస్తుంది.

5. శీతలీకరణంలో సెన్సర్ పాత్ర:

కారు ఏసీలో నాలుగు ప్రధాన భాగాలు ఉంటాయి. కంప్రెసర్ ఆవిరిని నొక్కి పీడనాన్నీ వేడినీ పెంచుతుంది. కారు ముందుభాగంలోని కండెన్సర్‌లో ఆ ఆవిరి వేడిని బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ వద్ద పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. లోపలి ఎవాపరేటర్‌లో ద్రవం మరుగుతూ కారులోని వేడిని గుప్తోష్ణంగా గ్రహిస్తుంది. సెన్సర్‌ను సాధారణంగా కండెన్సర్‌కూ వాల్వ్‌కూ మధ్య, అధికపీడన మార్గంలో అమరుస్తారు.

వేసవి మధ్యాహ్నం బయట 38 డిగ్రీలు ఉంటే, ఆ గాలికి వేడిని వదలడానికి కండెన్సర్ అంతకన్నా వేడిగా, ఉదాహరణకు 55 డిగ్రీల వద్ద ఉండాలి. అప్పుడు గేజి పీడనం సుమారు 14 బార్లు. సెన్సర్ పంపిన ఈ సమాచారాన్ని బట్టి కారు కంప్యూటర్ మూడు నిర్ణయాలు తీసుకుంటుంది. పీడనం పెరుగుతుంటే కండెన్సర్ ఫ్యాను వేగం పెంచుతుంది. సుమారు 30 బార్ల స్థాయికి చేరితే గొట్టాలు పగలకుండా కంప్రెసర్‌ను ఆపుతుంది. సుమారు 2 బార్లకన్నా తగ్గితే కూడా ఆపుతుంది. ఈ చివరి నిర్ణయానికి కారణం ఉంది. కంప్రెసర్‌కు కావలసిన నూనె శీతలీకరణ ద్రవ్యంతో కలిసి తిరుగుతుంది. ద్రవ్యం కారిపోతే నూనె అందక కంప్రెసర్ అరిగిపోతుంది.

ఇప్పుడు ఇంజను ఆపి ఎండలో నిలిపిన కారును చూద్దాం. కొంతసేపటికి గొట్టాలన్నిటా పీడనం సమానమవుతుంది. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలైతే గేజి సుమారు 9.2 బార్లు, ఉదయపు చల్లదనంలో 25 డిగ్రీలైతే సుమారు 5.7 బార్లు చూపుతుంది. ఉదయానికీ మధ్యాహ్నానికీ మూడున్నర బార్ల తేడా వచ్చినా ద్రవ్యం ఒక గ్రాము కూడా పెరగలేదు, తరగలేదు.

6. తాపనంలో సెన్సర్ పాత్ర:

పట్టుగూళ్ళలోని పురుగును వేడితో చంపి గూడును ఆరబెట్టడం, గూళ్ళను మరిగే నీటికి దగ్గరి వేడిలో ఉడికించి జిగురును మెత్తబరచడం, దారం తీయడం, ఆ తరువాత నూలుకు పట్టిన సెరిసిన్ జిగురును తొలగించి రంగు అద్దడం పట్టు తయారీలోని ముఖ్యదశలు. వేడి తగ్గితే పోగు తెగుతుంది, ఎక్కువైతే పట్టు వ్యర్థమవుతుంది. ఆవిరితో నీటిని వేడిచేసే చోట బాయిలర్ పీడనాన్ని స్థిరంగా ఉంచడమంటే ఆవిరి ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచడమే. గేజి 3 బార్లు చూపితే లోపలి ఆవిరి సుమారు 143 డిగ్రీల వద్ద ఉన్నట్టు లెక్క. పీడన స్విచ్ ఉన్న బాయిలర్‌లో నిర్ణీత హద్దు చేరగానే ఇంధనం ఆగుతుంది, పీడనం తగ్గగానే మళ్ళీ మండుతుంది. కట్టెల పొయ్యి బాయిలర్‌లో ఆ పని మనిషి చేయాలి. సెన్సర్, స్విచ్, మనిషి ముగ్గురూ విఫలమైనా సేఫ్టీ వాల్వ్ తెరుచుకోవాలి.

బాయిలర్‌కు పీడనగేజితోపాటు నీటిమట్టం చూపే గాజు గొట్టాలను వేరుగా అమర్చాలని 1950 నాటి భారత బాయిలర్ నిబంధనలు చెబుతున్నాయి. ఇందులోని హేతువు మూడో విభాగంలో చెప్పుకున్నదే. బాయిలర్‌లో నీరు ప్రమాదకరంగా తగ్గిపోయినా, మిగిలిన కొద్దిపాటి నీరు మరుగుతున్నంతసేపు పీడనగేజి ముల్లు యథాస్థానంలోనే ఉండవచ్చు. గేజిని మాత్రమే చూసేవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఈలోగా నీరు తాకని లోహభాగం మంటకు ఎర్రబడి బలం కోల్పోతుంది. ఆ స్థితిలో చన్నీళ్ళు పంపితే అవి క్షణంలో ఆవిరై విస్ఫోటం కలిగించవచ్చు. పీడనం చెప్పని విషయాన్ని పీడనం నుంచి ఊహించడం ఇక్కడ ప్రాణాంతకం.

7. 'గ్యాస్' అనే మాట - టైరు తర్కం:

ఏసీ చల్లదనం తగ్గగానే వినిపించే మాట "గ్యాస్ తగ్గింది, పోయించాలి" అనేది. ఈ వాక్యంలోనే చిక్కు ఉంది. గొట్టాలలో ఉన్నది పూర్తిగా వాయువు కాదు, దానిలో గణనీయమైన భాగం ద్రవం. 'గ్యాస్' అనే మాట ఆ ద్రవాన్ని కనబడకుండా చేస్తుంది. గాలిలాంటిదే కదా అనే భావం టైరు తర్కానికి దారితీస్తుంది.

దీని ఫలితాన్ని ఒక ఉదాహరణలో చూడవచ్చు. ఎర్రమట్టి దుమ్ము పేరుకొని కండెన్సర్ రేకుల మధ్య గాలి ఆడకపోతే వేడి బయటికి పోదు. అధికపీడనం మరింత పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది. ఇక్కడ కావలసింది కండెన్సర్‌ను శుభ్రపరచడం. కారణం చూడకుండా గ్యాస్ పోస్తే పీడనం ఇంకా పెరిగి, కంప్రెసర్ మాటిమాటికీ ఆగిపోతుంది. నిజంగా కారిపోయిన సందర్భంలో ఏసీ నడుస్తున్నప్పుడు రెండువైపులా పీడనాలు తగ్గి కనిపిస్తాయి. అప్పుడు కూడా కారిన చోటును మూయకుండా నింపడం నిష్ఫలం. నిలిపి ఉంచిన కారులో, ఆనాటి ఉష్ణోగ్రతకు పట్టిక చెప్పే విలువకన్నా పీడనం ఎక్కువగా ఉంటే గొట్టాలలో గాలి కలిసినట్టు అనుమానించాలి. ఈ మూడు స్థితులనూ వేరుచేయడానికి పీడనంతోపాటు ఉష్ణోగ్రత కూడా కొలవాలి. ద్రవ్యం ఎంత ఉందో తెలియాలంటే దాన్ని యంత్రంతో వెనక్కి తీసి, తూచి, బానెట్ కింది చీటీపై గ్రాముల్లో రాసిన పరిమాణం మేరకు తిరిగి నింపాలి.

ఇది ఒక్క కారు యజమాని ఖర్చుకు సంబంధించినది మాత్రమే కాదు. ఆర్-134ఏ వంద సంవత్సరాల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కన్నా సుమారు 1,300 నుంచి 1,500 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఇటువంటి ద్రవ్యాల వాడకాన్ని తగ్గించేందుకు 2016లో కుదిరిన కిగాలీ సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం మన దేశంలో తగ్గింపు 2032లో మొదలవుతుంది. కారణం తెలియకుండా పోసి, కారనిచ్చి, మళ్ళీ పోసే అలవాటు ఈ లక్ష్యానికి విరుద్ధం.

పరిభాష విషయంలో నా ప్రతిపాదన స్వల్పమైనది. 'సెన్సర్', 'కంప్రెసర్', 'బాయిలర్' వంటి మాటలు ఇప్పటికే తెలుగులో స్థిరపడినవి. వాటిని మార్చనవసరం లేదు. వస్తువు పేరు అరువు మాటైనా అవగాహనకు లోటు రాదు. భావనల విషయంలోనే జాగ్రత్త అవసరం. 'గ్యాస్'కు బదులు పాఠ్యపుస్తకాల్లోనైనా 'శీతలీకరణ ద్రవ్యం' అని వాడితే అది ద్రవంగానూ ఆవిరిగానూ ఉంటుందని చెప్పే వీలు కలుగుతుంది. 'ద్రవ్యం' అనే మాటలో ఏ స్థితీ ముందుగా నిశ్చయమై లేదు. అదే దాని సౌలభ్యం.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. పీడన సెన్సర్ నిజానికి కొలిచేది ఒక పటలపు వికృతిని. దాన్ని నిరోధం లేదా కెపాసిటెన్స్ మార్పుగా, ఆపైన వోల్టులుగా అనువదిస్తుంది.

2. ద్రవమూ ఆవిరీ కలిసి ఉన్న వ్యవస్థలో పీడనం ఉష్ణోగ్రతకు సూచిక. పరిమాణాన్ని తెలుసుకోవడానికి ఏసీలో తూకం, బాయిలర్‌లో నీటిమట్టపు గొట్టం వేరుగా అవసరం.

3. హిందూపురం, ధర్మవరం వంటి ఎత్తైన ప్రాంతాల్లో గేజి పీడనానికీ పరమ పీడనానికీ గల భేదాన్ని స్థానిక విలువలతో బోధించాలి. శూన్యపు కొలతలో ఇది స్పష్టంగా బయటపడుతుంది.

4. వాడుకలోని 'గ్యాస్' అనే మాట టైరు తర్కానికి దారితీస్తున్నది. పాఠ్యగ్రంథాల్లో 'శీతలీకరణ ద్రవ్యం' అనే ప్రయోగం మేలు.

5. ఐటీఐ, పాలిటెక్నిక్ పాఠాలను తెలుగులో రూపొందించేటప్పుడు కుక్కర్, సిలిండర్, టైరు అనే మూడు పరిచిత వస్తువులతో ఈ భావనను సులభంగా చెప్పవచ్చు. మొదటి రెండూ ఒక కోవకు, మూడోది మరో కోవకు చెందినవని విద్యార్థి గ్రహిస్తే గేజి ముందు నిలిచినప్పుడు ఏం అడగాలో, ఏం అడగకూడదో అతనికి తెలుస్తుంది.